ఉమ్మితేనే మార్కులు

ఒక పెద్ద అడవిలో, అంటే హోటళ్ళ యజమానులకు ఒక సంఘమూ, ఆ సంఘమంటే పడనివాళ్ళకు ఇంకో సంఘమూ పట్టేంత పెద్ద అడవిలో, జాంబయ్య అనే ఎలుగుబంటి కాఫీ హోటలు నడిపేవాడు.

హోటలంటే ఏదో ఊహించుకోకండి. ఏటి రేవు పక్కన కూర్చోవడానికి నాలుగు రాళ్ళు, ఒక పొయ్యి, పైన టేకాకుల కప్పు. కాఫీ మొక్కలు ఎదుటి కొండవాలులో ఉండేవి. ఎప్పుడో మనుషులు తోట వేసి, గిట్టుబాటు కాక వదిలేసి పోయారట. జాంబయ్య పండ్లు తనే ఏరేవాడు, గింజలు తనే వేయించేవాడు, తనే దంచేవాడు. సాయం చేస్తానని ఎవరైనా ముందుకొస్తే కరిచేవాడు.

నీళ్ళు తాగడానికి అడవంతా ఆ రేవుకే రావాలి. వచ్చిన ప్రతి ముక్కుకూ ఆ వాసన తగలాలి. తగిలాక ఇంకెక్కడికి పోతారు? దుప్పులూ, పందులూ, ముంగిసలూ, ఎవరికీ కనపడకుండా పొద చాటునుంచి చెయ్యి చాపే చిరుతపులీ, అందరూ మోదుగాకు దొప్పలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు. దొప్పలో చుక్క మిగిల్చినవాడు లేడు. పెద్దకొమ్ముల కణుజులైతే దొప్పను కూడా తినేసేవి.

ఇంత హాయిగా సాగుతున్న వ్యాపారం ఎవరి కళ్ళలోనూ పడకుండా ఉంటే అది అడవి ఎలా అవుతుంది? పడింది. ఆ కళ్ళు కొమ్మేశ్వర్రావు అనే కోతివి.

కొమ్మేశ్వర్రావు కొన్నాళ్ళు పట్నంలో ఒక పెద్ద హోటలు వంటింటి కిటికీ మీద కూర్చుని వచ్చాడు. దాన్ని ‘హోటల్ మేనేజ్‌మెంటు చదివాను’ అని చెప్పుకునేవాడు. వస్తూనే గుట్ట మీద చాక్లెట్ హౌస్ తెరిచాడు. పాత తోటలో కోకో కాయలకు కొదవ లేదు. కాకపోతే, చాక్లెట్ చెయ్యాలంటే ఆ గింజల్ని పులియబెట్టాలి, ఎండబెట్టాలి, వేయించాలి. అవేవీ కిటికీలోంచి కనపడలేదు. నల్లగా నిగనిగలాడే ముద్ద ఒక్కటే కనపడింది. అందుకని పచ్చి గింజల్ని నూరి, బొగ్గుపొడి వేసి, నిగనిగ కోసం తుమ్మ జిగురు దండిగా కలిపేవాడు.

ఒకరోజు జాంబయ్య కూడా చూద్దామని గుట్టెక్కాడు.

“ఇది తొంభై శాతం అండీ” అన్నాడు కొమ్మేశ్వర్రావు, ముద్ద చేతిలో పెడుతూ.

“ఏది తొంభై శాతం?”

“చాక్లెట్టే.”

“మరి మిగతాది?”

“అది అడక్కూడదండీ. శాతం అంటే శాతమే. పట్నంలో ఎవరూ అడగరు.”

జాంబయ్య నాలిక మీద పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంటికొచ్చి పెళ్ళాంతో మాట్లాడడానికి సాయంత్రం దాకా ఆగాల్సి వచ్చింది. దవడలు అప్పటికి గాని విడివడలేదు.

సరుకు అలాంటిది, పైగా గుట్ట ఎక్కాలి. ఎవరెక్కుతారు? చాక్లెట్ హౌస్‌లో ఈగలు కూడా వాలడం లేదు. వాలినవి లేవడం లేదు. కొమ్మేశ్వర్రావు ఆలోచించి, లోపం చాక్లెట్‌లో లేదు, స్థలంలో ఉందని తేల్చుకున్నాడు. తిన్నగా సంఘం కార్యదర్శి దగ్గరికి వెళ్ళాడు.

కార్యదర్శి ఊళయ్య అనే నక్క. ఆయనకు హోటలు లేదు. ఏనాడూ పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు. అయినా హోటళ్ళ సంఘానికి ఆయనే కార్యదర్శి, ఎందుకంటే మిగతా అందరికీ హోటళ్ళలో పని ఉంది.

“రేవు ఉమ్మడి ఆస్తి” అన్నాడు ఊళయ్య, కోతి తెచ్చిన జామపళ్ళు ఒక్కొక్కటీ వాసన చూస్తూ. “ఉమ్మడి ఆస్తిని ప్రతిభ ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. ప్రతిభ తేలాలంటే ప్రదర్శన పెట్టాలి. ప్రదర్శన పెట్టాలంటే కమిటీ కావాలి. కమిటీ అంటే నేనున్నానుగా!”

వారం తిరక్కుండా అడవంతా దండోరా వేశారు. అఖిల అటవీ ఆహార పానీయ మహా ప్రదర్శన. అందులో పతకం గెలిచినవారికి రేవు దగ్గర హోటలు స్థలం శాశ్వతంగా ఇస్తారు. ఓడినవారు గుట్ట మీదికి పోవాలి. రేవు కోసం పోటీకి నిలబడింది ఇద్దరే, జాంబయ్యా, కొమ్మేశ్వర్రావూ. మిగతావాళ్ళు ఊరికే స్టాళ్ళు పెట్టుకుంటారు.

జాంబయ్య నవ్వాడు. “ప్రదర్శన పెట్టుకోనీ, ప్రపంచ మహాసభలే పెట్టుకోనీ. వచ్చి తాగాలిగా? తాగితే నోరు మూసుకుని పతకం ఇస్తారు.”

ఆ నవ్వు ఆ సాయంత్రం దాకానే. సాయంత్రం ఊళయ్య పుట్ట మీదికెక్కి నిబంధన చదివాడు.

“అయ్యలారా, అమ్మలారా! న్యాయనిర్ణేతగా సరోవరం గారు విచ్చేస్తున్నారు. వారు గూడకొంగ. ఏటేటా సముద్రాలు దాటి వెళ్ళొచ్చే రుచి నిపుణులు. నిపుణులు మనలాగా తాగరు. నోట్లో పోసుకుంటారు, జుర్రుమని లోపలే తిప్పుతారు, రుచి పట్టుకుని ఉమ్మేస్తారు. కాబట్టి, ఉమ్మితేనే మార్కులు. ఎంత దూరం ఉమ్మితే అన్ని మార్కులు. మింగారంటే అది పరీక్ష కాదు, ఫలహారం. ఫలహారానికి మార్కులుండవు.”

అందరూ చప్పట్లు కొట్టారు. అర్థంకాని నిబంధనలకు ఆ అడవిలో చప్పట్లు కాస్త ఎక్కువే పడతాయి.

జాంబయ్య కూడా కొట్టబోతుంటే పెళ్ళాం భల్లమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఏమయ్యా, నీ కాఫీని ఇన్నాళ్ళలో ఎవడైనా ఉమ్మాడా?”

“ఉమ్మడమా? నా కాఫీనా? ఎవడికెన్ని గుండెలు!”

“అదే చెప్తున్నా. ఎవడూ ఉమ్మడు. ఆ పెద్దాయన కూడా ఉమ్మడు. నీకు గుండుసున్నా. ఆ కోతి ముద్ద నోట్లో పెట్టుకున్నవాడు ఏటి అవతలికి ఉమ్ముతాడు. రేవు వాడిది. ఇప్పుడర్థమైందా, నక్క ఎందుకంత ముద్దుగా చదివాడో?”

జాంబయ్య కూలబడ్డాడు. తన పొయ్యి, తన నాలుగు రాళ్ళు, పొద్దున్నే మంచులో ఆవులిస్తూ వచ్చే దుప్పుల మొహాలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. గుట్ట మీద కూర్చుని ఎవరికి పోస్తాడు కాఫీ? గాలికా? ఏడుపు ముంచుకొచ్చింది. ఎలుగుబంటి ఏడవడం చూడ్డానికి ఏమంత బాగుండదు కాబట్టి ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

“ఏడవకు. ఉపాయం చెప్తా విను” అంది భల్లమ్మ. “చెత్త కాఫీ పెట్టు.”

“ఏం పెట్టాలీ?”

“చెత్త కాఫీ. ఒక్క రోజు. నోట్లో పెట్టుకోగానే ఏటి అవతలికి ఉమ్మేట్టు ఉండాలి. పతకం తెచ్చుకో. మర్నాటినుంచి నీ కాఫీ నువ్వు పెట్టుకో.”

జాంబయ్యకు అది తల నరుక్కోమన్నట్టు వినిపించింది. కానీ రేవు పోతోంది. మనసు రాయి చేసుకుని మొదలుపెట్టాడు. ముందు గింజలు కాస్త మాడ్చాడు. భల్లమ్మ రుచి చూసి, “బాగానే ఉంది కదయ్యా, పనికిరాదు” అంది. వాడేసిన పిప్పి మళ్ళీ మరగబెట్టాడు. “ఇదీ తాగొచ్చు.” చింతగింజలు బొగ్గు చేసి కలిపాడు, పుట్టమన్ను వేశాడు, ముళ్ళపంది స్నానం చేసిన నీళ్ళు అరువు తెచ్చి పోశాడు. చివరికి దారిలో దొరికిన ఎవడో మనిషి చెప్పు తెచ్చి అందులో ఉడకేశాడు.

భల్లమ్మ ఒక్క గుక్క నోట్లో పోసుకుంది. మరుక్షణం అది ఏటి అవతలి ఒడ్డున ఎండ కాచుకుంటున్న ముసలి తాబేలు డిప్ప మీద పడింది.

“అమృతం!” అంది భల్లమ్మ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ.

కాపురానికి వచ్చాక ఆమె మొగుడి చేతివంటను మెచ్చుకోవడం అదే మొదలు.

ప్రదర్శన రోజు వచ్చింది. మైదానం కిటకిటలాడింది. ప్రతివాడి మెడలోనూ పేరు రాసిన తామరాకు. ఒకరి పేరు ఒకరికి పుట్టినప్పట్నించీ తెలిసినా, ఆకు ఎత్తి చదివి, “ఓహో, మీరేనా!” అనుకోవడం ఆనాటి మర్యాద. సంఘం అధ్యక్షుడు దంతారావు గారు ఏనుగు. ప్రారంభోత్సవానికి కట్టిన పూలతీగను కత్తిరించమంటే తినేశాడు. తిన్నాక ముందువరసలో కూర్చుని కునుకు తీశాడు. అధ్యక్షులుగా ఆయన బాధ్యతలన్నీ ఆ రెంటితో పూర్తయ్యాయి.

ప్రతి స్టాలులోనూ రుచికి చిటికెడు ఉచితం. అంతే, పందులకు పండగ. పంది సుబ్బాయమ్మ సంసారం మొత్తం ఒక చుట్టు తిరిగి, బురద పూసుకుని, ఇంకో సంసారంలా రెండో చుట్టు తిరిగింది. ఆ బురద కడుక్కుని మూడో సంసారమైంది. దుప్పులకు కరపత్రాలు పంచారు. కరపత్రాలు ఆకుల మీదే రాశారు కాబట్టి, “వివరాలు చాలా బాగున్నాయండీ, ఇంకో కట్ట ఉందా?” అని అడిగి మరీ తిన్నాయి. స్టాళ్ళవాళ్ళు ఒకరి స్టాలుకు ఒకరు వెళ్ళి, “మీ సరుకు అద్భుతం, మనం కలిసి ఏదైనా చెయ్యాలి” అనుకున్నారు. ఏం చెయ్యాలో ఎవరూ అనుకోలేదు.

మధ్యాహ్నానికి సరోవరం గారు దిగారు. దిగారంటే నిజంగానే ఆకాశంనుంచి. ముక్కు కింద సంచీ ఊగుతుంటే మెల్లగా నడిచొచ్చి, సగం కళ్ళు మూసుకుని మాట్లాడారు.

“రుచి అనేది నాలుక మీద ఉండదు. రుచి అనేది... ఒక ప్రయాణం.”

మళ్ళీ చప్పట్లు.

ఆ తర్వాత ఆయన జుర్రి ఉమ్మడం ఎలాగో గాలితోనే చేసి చూపించారు. ఇక చూడండి! అడవంతా అదే పని. కుందేళ్ళు జుర్రాయి, ముంగిసలు జుర్రాయి. ఇంతకాలం మింగుతూ బతికినందుకు సిగ్గుపడుతూ పక్కవాడి మీద ఉమ్మాయి. ఉమ్ము మీద పడ్డవాళ్ళు, “ఇందులో రేగుపండు ఛాయ ఉందండీ” అని మెచ్చుకున్నారు.

పోటీ మొదలైంది. సరోవరం గారు రెండు స్టాళ్ళ మధ్య రాతి మీద కూర్చున్నారు. ఎవరైనా వచ్చి కూర్చుంటే ముందు మంచినీళ్ళు పెట్టడం జాంబయ్యకు చేతి అలవాటు. ఏ హోటలువాడైనా అంతే కదా. తనకు తెలియకుండానే ఏటి నీళ్ళ దొప్ప ఒకటి ఆయన ముందు పెట్టాడు. సరోవరం గారు ఆ నీళ్ళు సంచీలో పోసుకుని, గలగలా పుక్కిలించి, ఫూమని ఉమ్మారు. అవి గాల్లో ఇంద్రధనుస్సులా లేచి ఎక్కడో జనంలో పడ్డాయి. పోటీ ఇదే అనుకుని కొందరు ఈల వేశారు.

“ముందుగా చాక్లెట్!” అని అరిచాడు ఊళయ్య.

కొమ్మేశ్వర్రావు వంగి దణ్ణం పెట్టి, పతకం కదా అని, చిన్న ముద్దకు బదులు పెద్ద ఉండనే ఆయన నోట్లో పెట్టాడు. సరోవరం గారు జుర్రారు. తిప్పారు. సంచీ ఒకసారి ఇటు ఊగింది, ఒకసారి అటు ఊగింది, ఆగిపోయింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ముక్కు తెరవబోయారు, తెరుచుకోలేదు. రెక్కలు కొట్టుకున్నారు. ఒక కాలితో ముక్కు పైభాగం, ఇంకో కాలితో కింది భాగం పట్టుకుని లాగబోయి వెల్లకిలా పడ్డారు.

“రుచిలో లీనమైపోయారు!” అన్నాడు కొమ్మేశ్వర్రావు.

“ఊపిరి ఆడట్లేదురా వెధవా!” అంది భల్లమ్మ.

కొంగ మొహం నీలంగా మారుతోంది. జనం, ఇదీ నిపుణుల పద్ధతేమోనని తామూ వెల్లకిలా పడదామా వద్దా అని చూస్తున్నారు. జిగురు విడాలంటే వేడి వేడిగా ఏదైనా ఆ ముక్కు సందులోంచి పొయ్యాలి. వేడిగా ఉన్నవి అక్కడ రెండే, జాంబయ్య పొయ్యి మీద పక్కపక్కన రెండు కుండలు. ఒక దాంట్లో చెప్పు ఉడికిన కాఫీ. రెండో దాంట్లో అసలు కాఫీ, తమకోసం పెట్టుకున్నది.

జాంబయ్యకు అంతా ఒక్క క్షణంలో అర్థమైంది. మొదటి కుండ పోస్తే జిగురు కరిగిన మరుక్షణం కొంగ చాక్లెట్‌తో సహా కొండ అవతలికి ఉమ్ముతాడు. పతకం తనది, రేవు తనది. రెండోది పోస్తే మింగుతాడు. గుట్టే గతి.

“మొదటిది, మొదటిది!” అని భల్లమ్మ పళ్ళ సందునుంచి గొణిగింది.

జాంబయ్య చెయ్యి మొదటి కుండ మీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది.

“పాపం, వాడి ప్రాణం పోతుంటే ఆ కషాయం పోస్తానా!” అని, రెండో కుండ ఎత్తి ముక్కు సందులో ధారగా పోశాడు. పోస్తూ తనూ ఏడుస్తున్నాడు.

వేడికి జిగురు కరిగింది, కాఫీలో కోకో కలిసింది. సంచీ మెల్లగా కదిలింది. తర్వాత మైదానమంతా వినపడేట్టు ఒక శబ్దం వచ్చింది.

గుటుక్.

సరోవరం గారు లేచి కూర్చున్నారు. ఆయన బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. “మింగాను” అన్నారు, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. “ఇన్ని దేశాలు తిరిగానయ్యా, ఒక్క గుక్క కూడా మింగలేదు. ఇదా కాఫీ అంటే! ఇంకొంచెం పోస్తారా?”

ఊళయ్య ఒక్క గంతులో ముందుకొచ్చాడు. “విన్నారుగా! మింగారు! జాంబయ్య కాఫీకి సున్నా.”

“మరి చాక్లెట్?” అని ఎవరో అడిగారు.

“దాన్ని... అదీ ఉమ్మలేదనుకోండి. ఇద్దరిదీ ఉమ్మలేదు కాబట్టి నిర్ణయం కార్యదర్శికి వదిలేస్తారు. కార్యదర్శిగా నేను...”

“ఉమ్మాడు.”

అందరూ తిరిగి చూశారు. దంతారావు గారు లేచారు. ఒక చెవి తడిసి వేలాడుతోంది.

“ఉమ్మాడయ్యా. నా చెవిలోనే పడింది. పొద్దుటినుంచి ఈ ప్రదర్శనలో నాకు తెలిసినది అదొక్కటే. చల్లగా ఉంది. ఏమిటది?”

“అవి ఉత్త నీళ్ళండీ!” అన్నాడు ఊళయ్య.

“నీళ్ళో పాలో నాకెందుకు? నీ నిబంధన ఏమిటి? ఉమ్మితేనే మార్కులు అన్నావా లేదా? ఎంత దూరం ఉమ్మాడో నా చెవే సాక్ష్యం.”

“అయితే ఆ నీళ్ళు ఏటివి. పతకం ఏటికే కడదాం!” అన్నాడు ఊళయ్య, చెమటలు కక్కుతూ.

భల్లమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ముందుకొచ్చింది. “ఏరు నడిచొచ్చి పెట్టిందా ఆయన ముందు? మా ఆయన పెట్టాడు. అడగండి, కొంగగారినే అడగండి.”

సరోవరం గారు అప్పటికి రెండో దొప్ప మింగుతున్నారు. పతకం మాట చెవిన పడగానే ఉద్యోగం గుర్తొచ్చి, గబగబా కళ్ళు సగం మూశారు. “ఆ నీళ్ళా? ఆహా! ముందుగా గులకరాయి గాంభీర్యం. మధ్యలో చేపపిల్ల పలకరింపు. చివర... ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడమే అద్భుతం.”

మైదానం దద్దరిల్లింది. మనుషులు పారేసిన సోడా బిరడా ఒకటి తీగకు గుచ్చి, అదే పతకమని జాంబయ్య మెడలో వేశారు. రేవు అతనిదే అని అధ్యక్షులు ప్రకటించి, మళ్ళీ కూర్చుని నిద్రపోయారు. జాంబయ్య ఎగిరాడు, గెంతాడు, భల్లమ్మను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. ఆ ఊపులో మొదటి కుండ తన్నాడు. అందులోది కొమ్మేశ్వర్రావు చాక్లెట్ మీద పడింది. దాని రుచి కాస్త మెరుగుపడిందని తర్వాత తిన్నవాళ్ళు చెప్పారు.

మర్నాడు పొద్దున్నే జాంబయ్య పొంగిపోతూ పొయ్యి వెలిగించాడు. ఎన్నడూ లేనంత జనం. ఏటి ఒడ్డంతా వరస. ఘుమఘుమలాడే కుండ దించి, మొదటి దొప్ప దుప్పికి అందించాడు.

“కాఫీ కాదండీ. నీళ్ళు” అంది దుప్పి.

“నీళ్ళా? అదిగో ఏరు. వంగి తాగు.”

“అవి మామూలు నీళ్ళండీ. మాకు పతకం వచ్చిన నీళ్ళు కావాలి.”

ఏటికి వీపు పెట్టి నిలబడి, అడవి అడవంతా అదే మాట అంది. జాంబయ్య అరిచాడు, బతిమాలాడు, ఏట్లో దొప్ప ముంచి చూపించాడు. “చూశారా, ఇక్కణ్ణించే!” అంటే, “ఎంత నిజాయితీ!” అని మురిసిపోయి, దొప్పకు రెండేసి సీతాఫలాలు ఇచ్చి కొనుక్కున్నారు. జుర్రారు, తిప్పారు, ఏట్లోకే ఉమ్మారు. ఊళయ్య కూడా దాహమై చాటుగా ఏట్లో మూతి పెట్టబోతే, పతకం నీళ్ళకు దొంగ సరుకు తయారుచేస్తున్నాడని కణుజులు తరిమి తరిమి కొట్టాయి. అప్పటినుంచి కార్యదర్శిగారు కూడా వరసలోనే నిలబడుతున్నారు. కొమ్మేశ్వర్రావు ఇప్పుడు బాగానే ఉన్నాడు. గూళ్ళు కట్టుకునే పిట్టలన్నీ జిగురు అతని దగ్గరే కొంటున్నాయి. తొంభై శాతమని చెప్పుకుంటాడు.

జాంబయ్య గాదెలు నిండాయి, కోపం మాత్రం తగ్గలేదు. కుండెడు కాఫీ రోజూ మిగిలిపోతుంటే ప్రాణం ఉసూరుమని, చివరికి పొయ్యి దగ్గర పలక కట్టాడు: ‘నీళ్ళు కొన్నవారికి కాఫీ ఉచితం.’ ఊరికే వచ్చేది ఎలా ఉంటుందో అని ఎవరూ ముట్టుకోవడం లేదు.

కాకపోతే, ఆ ఏడు సరోవరం గారు దేశాంతరం వెళ్ళలేదు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, పొయ్యి వెనక బూడిదలో నక్కి కూర్చుంటున్నారు. సంచీ నిండా కాఫీ పోయించుకుని, గుటకలు వినపడకుండా ఒక్కొక్క గుక్కే మింగి, కుండ అడుగు కూడా నాకి, లేచేటప్పుడు జాంబయ్య చెయ్యి పట్టుకుంటారు.

“అద్భుతం నాయనా! ఎవరితోనూ అనకు, నా ఉద్యోగం పోతుంది.”

నీతి: సరుకు బాగుంటే చాలదు, పేరున్నవాడెవడైనా దాన్ని ఉమ్మాలి.